పులిని కాచే చెంచులకు నిర్ణయంలో పాలేదీ?

2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది. పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాలలో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయనీ, వాటి తరలింపునకు ప్రాధాన్యమిచ్చి ప్రణాళిక సమర్పించాలనీ దాని సారాంశం. ఎక్కడో జరిగిన నిర్ణయం తమను అడగకుండానే అమలుకు రావడం ఎటువంటిదో, ఇంట తెలుగు, కచేరీలో కన్నడంతో నెట్టుకొచ్చే నిడుగల్లు పరిసర గ్రామాలకు వేరే చెప్పనక్కరలేదు. అందుచేత నల్లమల చెంచుల సంగతి ఇక్కడి కుటుంబాలకు పరాయిది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో పులుల సంఖ్య 2018 గణనలో 48 కాగా, 2022 నాటికి 63కు పెరిగింది. వీటికి ప్రధాన ఆవాసం నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యమే. ఈ పెరుగుదలలో చెంచుల శ్రమ ఎంతో ఉంది. బేస్‌క్యాంపులలో కాపలా ఉండేది, అడుగుజాడ చూసి పులి ఏ వాగు దాటిందో చెప్పేది, కార్చిచ్చు ఆర్పేది వారే. అహోబిల నరసింహునికి చెంచులక్ష్మిని ఇచ్చిన వారికి అడవి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అయితే ప్రభుత్వం వారికి ఇస్తున్నది కూలి. ఏ పెంట ఉండాలి, ఏది లేవాలి అన్న చోట వారి మాట బలహీనమే.

చట్టం మాత్రం వారి పక్షానే ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అదే ఏడు సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందుగా హక్కులను గుర్తించాలనీ, గ్రామసభ సమ్మతి లేనిదే ఎవరినీ తరలించరాదనీ చెబుతున్నాయి. పులి కోసం మనిషి లేవాలనే వాదనలోని నిజాయితీ కూడా పరీక్షకు నిలిచింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం తెలంగాణ వైపు ఆమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా అంగీకరించింది. చెంచులు, ఇతర ప్రజలు ఎదురు నిలిచాక ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. చెంచు గుడిసె పులికి అడ్డమైనప్పుడు బోరు యంత్రం ఎలా అడ్డం కాదో ఎవరూ వివరించలేదు.

కర్ణాటకలోనే చామరాజనగరం జిల్లా బిళిగిరిరంగన కొండల సోలిగలది మరొక అనుభవం. ఎండాకాలం ముందు నేలమీది ఆకులకు చిన్న నిప్పు పెట్టడం వారి పూర్వాచారం. 1974లో ఆ అడవి అభయారణ్యమైన తరువాత అది నిషిద్ధమైంది. ఆ నిప్పు ఆగినందువల్లనే లాంటానా పొదలు అడవిని కమ్మివేశాయని సోలిగల వాదన. పరిశోధకులలోనూ దీనిని సమర్థించినవారు ఉన్నారు. 2011లో అక్కడ సోలిగలకు సామూహిక అటవీ హక్కులు లభించాయి. పులులు నేటికీ ఆ కొండల్లోనే తిరుగుతున్నాయి.

అమెరికాలో అడుగు మరింత ముందుకు పడింది. ఓరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల మీదుగా పారే క్లామత్ నదిలో సాల్మన్ చేప, గోదావరి పులస వలె, సముద్రం నుండి ఏటికి ఎదురీది గుడ్లు పెడుతుంది. ఆనకట్టలు దాని దారిని శతాబ్దానికి పైగా మూసివేశాయి. 2002లో ఆ నదిలో వేల సాల్మన్లు చచ్చి తేలాయి. యురోక్, కరూక్ తదితర ఆదివాసి జాతులు పట్టు విడువక పోరాడి, ఉభయ రాష్ట్రాలతో ఒప్పందానికి వచ్చాయి. 2024 నాటికి నాలుగు ఆనకట్టలు తొలగిపోయాయి. ఆ శరత్తులోనే చేపలు పాత హద్దు దాటి పైకి ఎక్కాయి. అక్కడి ఆదివాసులు కూలీలుగా కాదు, ఒప్పందంపై సంతకం చేసిన పక్షాలుగా ఉన్నారన్నది గమనార్హం.

అంత దూరం పోనక్కరలేదు. మధుగిరి తాలూకా మైదనహళ్లిలో 2007లో ఏర్పడిన జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం పావగడకు పొరుగునే ఉంది. జింకలు వేరుశనగ చేలల్లో పడితే రైతుకు కలిగే నష్టం ఈ పల్లెలకు తెలియనిది కాదు. ఇటువంటి సంరక్షణ ప్రాంతాల నిర్వహణ సమితిలో సంబంధిత ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక ప్రతినిధి ఉండాలని వన్యప్రాణి చట్టమే నిర్దేశించింది. నల్లమల పెంటలు అడుగుతున్నది దీనికి మించినదేమీ కాదు.