విద్యార్థినుల క్రొత్త నుడికారము

విశ్వవిద్యాలయములందు చదువుకొను యువతులు పురుషులను గూర్చియు, ప్రణయమును గూర్చియు తమలో తాము మాటలాడుకొను భాష పెద్దలకు కర్ణకఠోరముగా నున్నది. ‘రెడ్ ఫ్లాగ్’, ‘ఘోస్టింగ్’, ‘గ్యాస్‌లైటింగ్’, ‘సిట్యుయేషన్‌షిప్’ అను మాటలు చెవిని బడినంతనే, తెలుగు చెడినదనియు, శీలము చెడినదనియు వాపోవువారు కలరు. తీర్పు చెప్పుటకు ముందు వాఙ్మూలమును వినుట న్యాయము.

ఈ మాటల యర్థమేమి? కోపము వచ్చిన చేయెత్తువాడును, స్నేహితురాండ్రతో మాటలాడవద్దని శాసించువాడును ‘రెడ్ ఫ్లాగ్’; ముందు ప్రమాదమున్నదని తెలుపు ఎర్రజెండా. నెలల తరబడి చనువు సాగించి, యొకనాడు చెప్పాపెట్టకుండ మాయమగుట ‘ఘోస్టింగ్’. స్నేహమును మించి, పెండ్లిమాటకు మాత్రము చిక్కక త్రిశంకుస్వర్గమున వ్రేలాడు సంబంధము ‘సిట్యుయేషన్‌షిప్’. తన తప్పును కప్పిపుచ్చి, ‘నీకే మతి చెడినది’ అని యువతిని నమ్మించుట ‘గ్యాస్‌లైటింగ్’. ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో వెలువరించిన నాటకము పేరునుండి యీ మాట పుట్టినది. అందు భర్త తన భార్యకు ఉన్మాదము కలిగినదని ఆమెనే నమ్మింపజూచును. అమెరికాలోని మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువువారు 2022లో దీనినే ఆ సంవత్సరపు పదముగా ఎన్నుకొనిరి.

ఇది విచ్చలవిడితనపు భాష కాదు, జాగ్రత్త భాష. పూర్వము నూతిగట్టున అమ్మలక్కలు గుసగుసలాడిన హెచ్చరికలనే, తల్లికిని పినతల్లికిని దూరముగా వసతిగృహమున నున్న పిల్ల నేడు తోడి పిల్లలనుండి వినుచున్నది. 1892లో ప్రదర్శింపబడిన కన్యాశుల్కమును స్మరింపుడు. గిరీశము మాటల గారడీకి బుచ్చమ్మ లోబడినది. 2023లో ఆక్స్‌ఫర్డువారు ఎన్నుకొన్న ‘రిజ్’ అను పదమునకు మాటలతో మనసు దోచు నేర్పని యర్థము. అది గిరీశమునకు పుష్కలముగా కలదు. వాని గుట్టు మధురవాణి కెరుకయే. బుచ్చమ్మ చెవిని ముందుగా ఆ మాట వేయువారే కరవైరి.

పేరు లేని బాధకు విచారణ లేదు. వీధిలో ఆడుపిల్లను వేధించుటకు మన దేశమున చిరకాలము ‘ఈవ్ టీజింగ్’ అను ముద్దుపేరు చెల్లినది, నేరము వేళాకోళమైపోయినది. తమిళనాడు 1998లో చేసిన శాసనము సైతము మొదట ఆ పేరే ధరించి, పిదప ‘వేధింపు’ అను పేరు దాల్చినది. వద్దన్నను వెంటబడుట ప్రత్యేక నేరముగా మన శిక్షాస్మృతి కెక్కినది 2013లోనే. చట్టము ఆలస్యముగా నేర్చిన పాఠమును యువతులు తమంత తామే నేర్చుకొనుచుండగా, వారిని నిందించుట తగునా?

అయితే వారికిని ఒక మాట. ముద్ర వేయుట సులభము, విచారించుట కష్టము. బిడియపడు యువకుని, ఒకసారి తొందరపడినవానిని, నిజమైన దుర్మార్గుని ఒకే జెండాక్రింద నిలువబెట్టిన మాట పదును పోవును. రేపు నిజముగా ఆపద వచ్చి కేక వేసినను వినువా రుండరు.

ఇక పరభాషా పదములను గూర్చి. ఈ బాధలను చెప్పుకొనుటకు ఇంటిలో తావియ్యని మనము, వానికి తెలుగు మాటలు లేవని వగచుట వింత. తండ్రులారా, అధ్యాపకులారా! పిల్లల మాటను దిద్దుటకు ముందు వారి గోడు వినుడు. వినుట యలవడిన యింట తెలుగు పలుకులు తామే పుట్టును.