నెలకు వెయ్యి, పళ్లకు తొమ్మిది వేలు

జీఎస్ పేపర్-2లో ఆరోగ్యం మీద ప్రశ్న కనపడగానే ఆయుష్మాన్ భారత్, 2018, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు అని రాసేస్తాం. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారికీ వర్తిస్తుందని ఇంకో వాక్యం కలుపుతాం. నేనూ అలాగే రాసేవాణ్ణి. కానీ అది ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం ఉన్న పథకం. చేరకుండా, నెలనెలా మందుల షాపులో అయ్యే ఖర్చు అందులోకి రాదు. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశ ఆరోగ్య వ్యయంలో జనం సొంత జేబు నుంచి పెట్టింది 39.4 శాతం.

మా తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లోనే రైల్వే గార్డుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఇల్లు తిఫ్రా వైపు. రైల్వే ఆసుపత్రికి రెండున్నర కిలోమీటర్ల అవతల ఉంటూ, రోజువారీ ఓపీడీ వదులుకున్న పింఛనుదారులకు స్థిర వైద్య భత్యం, అంటే ఎఫ్ఎంఏ ఇస్తారు. కేంద్ర పింఛనుదారులకు 1997లో 100 రూపాయలతో మొదలైన ఈ భత్యం 300, 500 మీదుగా 2017 జులైలో 1000 అయింది. డీఆర్ ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు గానీ, దాంతోపాటు ఇది పెరగదు.

బీపీ, షుగర్ మాత్రలకే ఆ వెయ్యి సరిపోదు. పోయిన ఏడాది పళ్ల సెట్టుకు ఒకేసారి తొమ్మిది వేలైంది. నాలుగు నెలలు వాయిదా వేసి, మెత్తటి అన్నం తిని నెట్టుకొచ్చారు. వైద్యం ఖర్చు నెలకింత అని సమానంగా రాదు, భత్యం మాత్రం అలాగే వస్తుంది.

అమెరికాలో ఎఫ్ఎస్ఏ అనే ఖాతా ఉంది. 1978 నాటి చట్టంలోని సెక్షన్ 125 దీనికి ఆధారం. ఉద్యోగి పన్ను పడకముందే జీతంలోంచి కొంత పక్కన పెడతాడు, 2025లో పరిమితి 3,300 డాలర్లు. కళ్లజోడు, పళ్లు, మందులు వంటి అర్హమైన ఖర్చులకే వాడాలి. మిగిలితే కొద్ది మొత్తం తప్ప ఏడాది చివర పోతుంది, అందుకే డిసెంబరులో అవసరం లేని రెండో కళ్లజోడు కొనేవాళ్లుంటారు. ఈ భాగం మనకొద్దు. పన్ను మినహాయింపు కూడా ఎక్కువ జీతం ఉన్నవాడికే ఎక్కువ లాభం. మన 80డీ కూడా అంతే: పాత పన్ను విధానంలో, బీమా లేని వృద్ధులకు 50,000 దాకా వైద్య ఖర్చు మినహాయింపు ఉంది. పన్నే పడని మా తాతయ్యకు దాంతో పనిలేదు.

అయితే ఎఫ్ఎస్ఏలో ఒక మంచి నియమం ఉంది. ఏడాది మొత్తానికి ఒప్పుకున్న డబ్బును, ఇంకా జీతంలో కోయకముందే, మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. మనం తీసుకోవాల్సింది ఇదే.

మొదట నేను బిల్లులు పెట్టుకునే ఖాతా రావాలని నోట్సులో రాసుకున్నాను. తాతయ్యకు చెబితే, "డెబ్బై ఎనిమిదేళ్లకి బిల్లులు ఎవడు దాస్తాడ్రా?" అన్నారు. నిజమే. జీతగాళ్లకుండే 15,000 రూపాయల మెడికల్ రీయింబర్స్‌మెంట్ మినహాయింపును కూడా 2018 బడ్జెట్‌లో తీసేసి, బిల్లుల్లేని స్టాండర్డ్ డిడక్షన్ పెట్టారు. కాబట్టి ఎఫ్ఎంఏ నగదుగానే ఉండనివ్వాలి. డీఆర్‌తో ముడిపెట్టాలి. కావాలన్నవాళ్లకు పన్నెండు నెలల భత్యం ఏప్రిల్‌లోనే ఇచ్చేయాలి. మధ్యలో పింఛనుదారు చనిపోతే మిగతాది ఎలా రాబట్టాలని ఆడిట్‌వాళ్లు అడుగుతారు. ఎక్కువలో ఎక్కువ 11,000 రూపాయల ప్రశ్న అది. వదిలేయొచ్చని నా అభిప్రాయం.