ఆ వచనానికి ముందేముంది?

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకు మన సంఘాల్లో అందరి చూపూ ఒక పళ్లెం వైపు ఉంటుంది. అందులో బోర్లించిన వాగ్దాన కార్డులుంటాయి. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి ఒక కార్డు తీసుకుంటాం. అది ఏడాది పొడవునా మన బైబిల్లోనో, బీరువా తలుపు మీదో ఉంటుంది. చదువు రాని అవ్వలు కూడా ఆ ఒక్క మాట ఎవరిచేతనైనా చదివించుకుని, కంఠస్థం చేసి, కష్టంలో తలచుకుని ధైర్యం తెచ్చుకుంటారు. ఆ ఆచారాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ కార్డు దగ్గరే మన బైబిలు పఠనం ఆగిపోతే ఏం జరుగుతుందో మా ఇంట్లో జరిగినదే చెబుతాం.

కొన్నేళ్ల క్రితం మా కుటుంబానికి వచ్చిన కార్డు మీద యిర్మీయా 29:11 ఉంది. దేవుడు తన ప్రజల విషయంలో తలపెట్టింది హాని కాదు సమాధానమేనని, వారికి మంచి భవిష్యత్తు, నిరీక్షణ ఉన్నాయని చెప్పే వచనం అది. మా ఆనందానికి అంతులేదు. చెల్లి పెళ్లి, ఇంటి అప్పు, అన్నీ ఆ ఏడాదిలోనే చక్కబడతాయని లెక్కలు వేసుకున్నాం. ఏప్రిల్‌లో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మాట తడబడింది. ఆస్పత్రి ఖర్చులకు అప్పు మరింత పెరిగింది, పెళ్లి వాయిదా పడింది. అమ్మ ఆ కార్డు వైపు చూడడమే మానేసింది. ఒకరోజు ఉండబట్టలేక, "మేలు చేస్తానన్నాడుగా, ఇదేనా ఆ మేలు?" అంది. మా ఎవరి దగ్గరా జవాబు లేదు.

నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడు తెల్లవారుజామునే కళ్లజోడు పెట్టుకుని బైబిలు చదువుకునేవారు. ఇప్పుడు పుస్తకం పట్టుకోలేరు కాబట్టి, రాత్రి భోజనాలయ్యాక చదివి వినిపించమని సైగ చేశారు. ఆయనకు ధైర్యంగా ఉంటుందని మొదటి రోజు ఆ కార్డు మీది వచనమే చదివాం. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "దానికి ముందేముంది?" అని అడిగారు. ముందు ఏముందో మాకు తెలియదు. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న వచనం ఏ సందర్భంలోదో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. సిగ్గుపడుతూ అధ్యాయం మొదటికి వెళ్లాం.

అది ఒక ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త, నెబుకద్నెజరు బబులోనుకు చెరపట్టుకుపోయిన తన ప్రజలకు రాసిన ఉత్తరం. ఇల్లు వాకిలి పోగొట్టుకుని పరాయి దేశంలో ఉన్నవారికి ఆయన ఏమని రాశాడు? అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని. ఆ తర్వాత పదో వచనంలో అసలు సంగతి ఉంది. బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండాకే దేవుడు వారిని తిరిగి రప్పిస్తాడు. మన కార్డు మీది పదకొండో వచనం సరిగ్గా దీని తర్వాత వస్తుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది సొంత ఊరు చూడకుండానే కన్ను మూయాలి. వారికి కూడా దేవుడు మేలే తలపెట్టాడన్నది ఆ వచనం చెప్పే మాట.

మర్నాడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్లాం. ఇరవై ఎనిమిదో అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో చెర తీరిపోతుందని, మందిరం ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయని అతడు అందరి ముందు ప్రకటించాడు. యిర్మీయా మెడ మీది కాడిని తీసి విరిచాడు. వినడానికి ఎంత బాగుందో! హనన్యా మాటను కార్డు మీద అచ్చు వేస్తే మనమందరం సంతోషంగా తీసుకుని ఉండేవాళ్లం. కానీ అది దేవుడు పలికించిన మాట కాదు. హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు.

ఆ రెండు రాత్రుల తర్వాత నాన్నగారి చేయి బాగుపడలేదు, అప్పు తీరలేదు. కానీ దేవుడు మాట తప్పాడన్న బాధ మాత్రం మా ఇంట్లో తగ్గింది. మేమే ఒక ఉత్తరంలో ఒక్క వాక్యం చదివి, మిగిలినదంతా మా కోరికలతో నింపుకున్నాం. ఉత్తరమంతా విన్నాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇక్కడే ఇల్లు కట్టుకోవాలన్నమాట" అంది. ఆ మాటకు అర్థం ఇంట్లో అందరికీ తెలిసింది.

ఆ ఉత్తరం బబులోనుకు చేరినప్పుడు దానికి అధ్యాయాల విభజన లేదు, వచనాల సంఖ్యలు లేవు. మనం ఇప్పుడు వాడుతున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదంటారు. కొత్త నిబంధనలో నేటి వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ ముద్రించిన గ్రీకు ప్రతితో వచ్చాయి. వెతుక్కోవడానికి ఈ అంకెలు ఎంతో ఉపకారం. అయితే వాటివల్ల ప్రతి వచనం దేనికది ఒక సామెతలా మనకు అలవాటైపోయింది. ఫిలిప్పీయులకు 4:13ను చూడండి. పరీక్షలకూ ఇంటర్వ్యూలకూ వెళ్లే యువకులు దాన్ని విజయ వాగ్దానంగా పట్టుకుంటారు. దానికి ముందున్న రెండు వచనాల్లో పౌలు ఆకలిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటున్నాడు. అదీ బంధకాలలో ఉండి రాస్తున్నాడు. ఇంటర్వ్యూలో నెగ్గినవాడికంటే ఓడిపోయి ఇంటికి వచ్చినవాడికే ఆ వచనం ఎక్కువ అవసరం. ముందు వచనాలు చదవనివాడికి ఆ ఆదరణ దొరకదు.

యిర్మీయా మాటలను సరిగ్గా చదివినవాడు ఒకడు బైబిల్లోనే ఉన్నాడు. దానియేలు 9వ అధ్యాయం చూస్తే, దర్యావేషు ఏలుబడి మొదటి ఏట దానియేలు గ్రంథాలు చదివి, యిర్మీయాకు దేవుడు తెలిపిన డెబ్బై ఏళ్ల సంగతి గ్రహించాడు. అప్పటికి ఆయన వృద్ధుడు, దర్శనాలు చూసినవాడు, రాజులకు కలల భావం చెప్పినవాడు. అంతటి ప్రవక్త మరో ప్రవక్త రాసినది కూర్చుని చదువుకున్నాడు! చదివి, గడువు దగ్గరపడిందని పండుగ చేసుకోలేదు. ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని, తన ప్రజల పాపాలను ఒప్పుకుంటూ ప్రార్థించాడు. వాక్యాన్ని పూర్తిగా చదివినవాడికి దానితోపాటు ఒక బాధ్యత కూడా కనిపిస్తుంది. ఏరుకున్న వచనాలు మనల్ని ఓదారుస్తాయి గాని, చాలాసార్లు గద్దించవు. గద్దింపు లేకుండా విశ్వాసి ఎదగడు.

మన భాషలో ఈ గ్రంథం ఎలా వచ్చిందో కూడా తలచుకోవాలి. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ అనే మిషనరీలు తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు సహాయంతో సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో దె గ్రాంజ్ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని వారిద్దరూ కళ్లారా చూడలేదు. తెలుగువారు ప్రభువు చరిత్రను మొదటినుంచి చివరిదాకా చదువుకోవాలని వారు ప్రయాసపడ్డారు. నేడు మన చేతిలోని ఫోనులోనే బైబిలంతా ఉంది. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిన ఒక వచనానికి ఆమేన్ అని పెట్టి, ఆ రోజుకు వాక్యం అయిపోయిందనుకుంటే ఆ ప్రయాసకు మనమిచ్చే విలువ అదేనా?

మరి అలవాటు ఎలా చేసుకోవాలి? మా ఇంట్లో నేర్చుకున్నది చెబుతాం. మొదట, కొద్దిగా మొదలుపెట్టాలి. జనవరి 1న ఆదికాండంతో ఉత్సాహంగా బయలుదేరి, ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర ఆగిపోయేవారు ప్రతి సంఘంలో ఉన్నారు. కొత్తవారు మార్కు సువార్తతో మొదలుపెట్టవచ్చు. రోజుకొక అధ్యాయం చొప్పున పదహారు రోజులు. తర్వాత రూతు నాలుగు రోజులు, ఫిలిప్పీయులకు పత్రిక నాలుగు రోజులు. ఇరవై నాలుగు రోజుల్లో మూడు పుస్తకాలు పూర్తిగా చదివినవారవుతారు. ఆ తర్వాత ఆదికాండానికి వెళ్లినా భయం ఉండదు. బైబిల్లో మొత్తం 1189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. రోజుకొకటే అయితే మూడేళ్ల మూడు నెలలు పడుతుంది. తొందరేమీ లేదు.

రెండోది, చదివిన భాగాన్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది ఎవరు, ఎవరితో చెప్పారు? దీనికి ముందేముంది, తర్వాతేముంది? దేవుని గురించి ఇక్కడ ఏం తెలిసింది? ఈ రోజు నేను చేయవలసింది ఏమిటి? జవాబులు ఒక నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకుంటే చాలు. మన పాత అనువాదంలోని గ్రాంథిక భాష పిల్లలకు కొరుకుడుపడకపోతే, వాడుక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన పెట్టుకోవచ్చు. అర్థం కానిది గుర్తుపెట్టుకుని పాస్టరుగారిని అడగాలి. రథం మీద యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుడు తనకు అర్థం కాలేదని ఒప్పుకోబట్టే ఫిలిప్పు ఆయనకు యేసును ప్రకటించగలిగాడు. బెరయవారు పౌలు ప్రసంగం విని కూడా, అది అలా ఉందో లేదోనని ప్రతిదినం లేఖనాలు చూసుకున్నారు. అందుకు లేఖనం వారిని మెచ్చుకుంది.

మూడోది, తప్పిన రోజు గురించి. స్కాట్లండులోని డండీలో కాపరిగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం ఏడాది పఠన పట్టిక తయారుచేశాడు. దాన్ని నేటికీ ఎందరో వాడుతున్నారు. అందులో ఆయనే ముందుగా ప్రమాదాలు చెప్పాడు. చదవడం ఒక లాంఛనంగా మారవచ్చు, చదివామన్న గర్వం రావచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. కాబట్టి ఒక రోజు తప్పితే, మర్నాడు రెండు రోజులది కలిపి పరుగులు తీయనక్కరలేదు. ఆపిన చోటనే మొదలుపెట్టండి.

సంఘ కాపరులకు, పెద్దలకు ఒక మనవి. వచ్చే డిసెంబర్ 31న కార్డులు తప్పక పంచండి. అయితే ప్రతి కార్డు కింద, ఈ వారం ఈ అధ్యాయమంతా చదవండి అని ఒక్క వాక్యం అచ్చు వేయించండి. జనవరి మొదటి ఆదివారం, ఆ అధ్యాయంలో ఏముందో చెప్పమని ఇద్దరు ముగ్గురిని అడగండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

నాన్నగారు ఆ తర్వాత మూడేళ్లకు పైగా మాతో ఉన్నారు. మాట కొంత తిరిగి వచ్చింది, చేయి రాలేదు. చెల్లి పెళ్లి ఆయన కుర్చీలో కూర్చునే జరిపించారు. చదవలేని రోజులెన్నో తప్పిపోగా, ఆయన ప్రభువును చేరుకునే నాటికి మేము యెహెజ్కేలు గ్రంథంలో ఉన్నాం. మిగిలినది అమ్మతో కలిసి పూర్తి చేశాం. పాత కార్డు ఇప్పటికీ యిర్మీయా 29వ అధ్యాయంలోనే ఉంది. ఇప్పుడు ఆ వచనం చదివితే, దాని ముందున్న పది వచనాలూ కలిసే గుర్తుకొస్తాయి.

ఈ రాత్రి మీ ఇంట్లోని కార్డు తీసి, ఆ అధ్యాయం మొదటినుంచి ఇంటిల్లిపాదీ చదవండి. తన మాటను పూర్తిగా వినే ఓపికను, విన్నదానికి లోబడే మనసును దేవుడు మనకు దయచేయును గాక.