రెప్ప లాగి చూస్తే సరిపోదు

తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు 2015-16లో నూటికి 60.7 మంది. 2019 నాటికి 70 మంది. నాలుగో, అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తేల్చిన లెక్క ఇది. పిల్లలకు ఏటేటా ఆరోగ్య పరీక్షలు చేయించడం అవసరమా, దండగ ఖర్చా అని వాదించుకునే రెండు పక్షాల్లో ఏ ఒక్కరి నోటా ఈ లెక్క వినపడదు. ఒకరు విదేశీ అధ్యయనాలు చదివి ఆపేయమంటారు. ఇంకొకరు ఎన్ని లక్షల మందిని చూశామో చెప్పి భేష్ అనిపించుకుంటారు. మధ్యలో అరవై డెబ్బై అయింది.

నా మాట ముందే చెబుతాను. ఈ పరీక్షలు ఆపకూడదు. ఇప్పుడున్న తీరులో సాగనివ్వనూ కూడదు. నల్గొండ, పాలమూరు పల్లెల్లో జబ్బు పడని బిడ్డ దగ్గరికి డాక్టర్ నడిచొచ్చే సందర్భం ఏడాది మొత్తంలో ఇదొక్కటే. దాన్ని తీసేస్తే ఇక మిగిలేది జ్వరం ముదిరాక ఆర్‌ఎంపీ వేసే సూది.

ఆపేయమనే వాళ్ల ప్రధాన ఆధారం అంతర్జాతీయ వైద్య పరిశోధకుల బృందం కోక్రేన్ చేసిన సమీక్ష. ఏ బాధా లేని మనిషికి ఏటా ఒళ్లంతా పరీక్షలు చేసినంత మాత్రాన మరణాలు తగ్గడం లేదని అది 2012లో చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. నిజమే. అయితే అది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనాల సమీక్ష. బీపీ, కొలెస్ట్రాల్, గుండెపోట్ల గురించినది. మర్రిగూడ మండలంలో రెండో తరగతి చదివే పిల్లకు బోర్డు మీద అక్షరాలు కనపడుతున్నాయా, చెవి వినపడుతోందా, రక్తం ఎంత ఉంది అనే ప్రశ్నలకు అందులో జవాబు వెతకడం పొరపాటు. ఆ వయసులో పరీక్ష వల్ల ఒరిగేది చావు తప్పడం ఒక్కటే కాదు. చదువు తప్పిపోకుండా ఉండడం, కాళ్లు వంకరపోకుండా ఉండడం, ఎదగాల్సినంత ఎదగడం. మరణాల పట్టికలో ఇవేవీ కనపడవు.

బ్రిటన్ ఉదాహరణ కూడా తరచూ తెస్తారు. బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరవచ్చిన యువకుల్లో చాలామంది ఒంట్లో సత్తువ లేక వెనక్కి పోవడంతో కంగుతిన్న ఆ దేశం, 1907లో బడి పిల్లల వైద్య పరీక్షలకు చట్టం చేసింది. 1989లో హాల్ కమిటీ నివేదిక వచ్చాక, ఆనవాయితీగా జరిపే పరీక్షల్లో చాలావాటిని తగ్గించుకుంది. కాబట్టి మనమూ తగ్గించుకోవాలట. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ఒక డాక్టర్ దగ్గర నమోదై ఉంటుంది, పైసా ఖర్చు లేకుండా. ప్రభుత్వ హెల్త్ విజిటర్ ఇంటికొచ్చి బిడ్డను చూస్తుంది. బడిలో చేరేటప్పుడు కంటిచూపు చూస్తారు. మొదట్లో ఒకసారి, పదేళ్ల వయసులో ఒకసారి ఎత్తూ బరువూ కొలుస్తారు. ఇలాంటి ఏర్పాట్లున్న దేశం కాబట్టి తగ్గించుకోగలిగింది. చందంపేట తండాలో బిడ్డకు ఏ డాక్టర్ దగ్గర పేరుంది?

ఇక రెండో పక్షం, మన అధికార యంత్రాంగం. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబర్‌లో జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. ఊళ్లో జనం ఆర్‌బీఎస్‌కే బండి అనేది దీన్నే. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం అన్నీ చూడాలి. కాగితం మీద ఇంత చక్కని పథకం తక్కువ. నేను వంక పెడుతున్నది దాని రూపకల్పనకు కాదు, దాన్ని లెక్కగట్టే పద్ధతికి.

బండి వచ్చిన రోజు బడి వరండా చూడండి. గోడకు కంటిచూపు చార్టు వేలాడుతుంటుంది. బరువు మిషన్ మీద ఒకరు, గోడ మీది ఎత్తు గీతల దగ్గర ఒకరు, మిగతా పిల్లలు వరుసలో. డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూస్తుంది, నాలుక చాపమంటుంది, ఛాతీ మీద స్టెతస్కోప్ పెడుతుంది. పక్కన సెల్‌ఫోన్లో మోగిన పాట, వంటగదిలో గిన్నెల చప్పుడు, వరుసలో తోపులాట. ఆ గోలలో గుండె చప్పుడులో తేడా వినాలి. ఆరు గంటల్లో నూట ఇరవై మందిని చూడాలంటే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. రెప్ప తెల్లగా కనిపిస్తే రిజిస్టర్లో టిక్కు, చేతికొక చీటీ. చీటీ పుస్తకాల సంచిలోకి పోతుంది. సాయంత్రం తల్లి పత్తి ఏరి ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. చీటీ కనిపించినా, జిల్లా దవాఖానకు పోవాలంటే ఆమెకు ఒక రోజు కూలి పోతుంది, అక్కడ ఏ గదికి పోవాలో తెలియదు. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేకపోవడం కొంత ఊరటే, పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. జిల్లా నుంచి రాష్ట్రానికి పోయే నివేదికలో ఈ బిడ్డ ‘పరీక్షించిన’ పిల్లల్లో ఒకటి. అక్కడితో ఖాతా ముగిసింది.

అందుకే మళ్లీ ఆ అంకె దగ్గరికి వస్తున్నాను. అరవై నుంచి డెబ్బై. ఆ లెక్కలోని ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు వయసు, ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలో చూడాల్సిన వయసే. కరోనా వల్ల పెరిగిందని తప్పించుకునే వీలు లేదు. మన రాష్ట్రంలో అయిదో సర్వే 2019 నవంబర్ నాటికే పూర్తయింది, అప్పటికి కరోనా పేరు ఎవరూ వినలేదు. వేలికొన నుంచి తీసిన రక్తంతో చేసే పరీక్ష రక్తహీనతను ఎక్కువ చేసి చూపిస్తుందని నిపుణులు అంటారు. ఆ మాటలో నిజముంది. అయితే రెండు సర్వేల్లోనూ వాడింది అదే పద్ధతి. అంకె ఎక్కువైతే కావచ్చు, పెరుగుదల అబద్ధం కాదు. పోనీ వచ్చే సర్వేలో చూద్దామా అంటే, ఆరో సర్వే నుంచి ఈ రక్తపరీక్షనే తీసేశారు. వేరే సర్వేలో సిర నుంచి తీసిన రక్తంతో చేస్తారట. పద్ధతి మెరుగైతే సంతోషమే, కానీ పాత అంకెతో పోల్చి చూసే దారి మూసుకుపోయింది. ఇలాంటప్పుడు అంగన్‌వాడీలో, బడిలో జరిగే పరీక్ష ఒక్కటే మనకు మిగిలిన కొలబద్ద. అక్కడ కొలవడం లేదు, రెప్ప లాగి చూస్తున్నారు. రెప్ప చూసి తీవ్రమైన రక్తహీనతను పట్టుకోవచ్చు. ఒక మోస్తరుగా ఉన్నది చాలాసార్లు తప్పిపోతుంది. మనవాళ్లలో ఎక్కువమందికి ఉన్నది ఆ ఒక మోస్తరు రకమే.

‘నూటికి డెబ్బై మందికి ఉన్నప్పుడు పరీక్ష ఎందుకు, అందరికీ ఐరన్ పోసేయండి’ అనే తెలివైన వాదన ఒకటుంది. పోస్తూనే ఉన్నారు కదా. అయిదేళ్ల లోపు వాళ్లకు వారానికి రెండుసార్లు సిరప్, బడి పిల్లలకు వారానికో మాత్ర, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ నులి పురుగుల మాత్ర. కాగితం మీద లోటేమీ లేదు. మరి ఎవరికి రక్తం పట్టింది, ఎవరికి పట్టలేదు, పట్టకపోతే కారణం తిండా, పురుగులా, సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య జబ్బా? ఆర్నెల్లకోసారి ఆ బిడ్డ హిమోగ్లోబిన్ అంకె ఒకే కార్డు మీద రాస్తే తప్ప ఇది తేలదు.

కాగితం మీది లెక్కకూ బిడ్డ ఒంట్లో ఉన్నదానికీ తేడా ఎంతో నల్గొండ వాళ్లకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్‌ను ఇక్కడ 1940ల్లోనే గుర్తించారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగిపోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతిని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. ఇంత జరిగినా నీళ్లు రాలేదు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకం చేస్తే గానీ ఢిల్లీ ఇటు తిరిగి చూడలేదు. ఆ తర్వాత మిషన్ భగీరథ వచ్చింది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇప్పుడు సున్నా అని 2020లో కేంద్రం పార్లమెంటుకే చెప్పింది.

ఆ సున్నా నిజమో కాదో తేల్చే సాక్ష్యం ఇప్పుడు సర్కారు బడుల్లో కూర్చుని ఉంది. ముందు పళ్ల పైపొర తయారయ్యేది బిడ్డ పుట్టినప్పటి నుంచి నాలుగేళ్ల లోపు. ఆ కాలంలో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పన్ను మీద సుద్ద మచ్చలు, గోధుమ రంగు చారలు పడి జీవితాంతం ఉండిపోతాయి. భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఉన్నారు. పాలపళ్లు ఊడి, పైన అసలు పళ్లు వస్తున్నాయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాల్లో ఈ పిల్లల పళ్లను పగటి వెలుతురులో ఒక్కొక్కరివి ఒక నిమిషం చూసి రాసుకుంటే చాలు. మచ్చల్లేకపోతే వేల కోట్ల పథకం నెరవేరినట్టు. ఉంటే, ఏ వాడలో ఇంకా బోరు నీళ్లతోనే వంట చేస్తున్నారో, పొలం దగ్గర ఏ నీళ్లు తాగుతున్నారో అక్కడికి పోయి వెతకాలి. ఇంత చవకైన, ఇంత కచ్చితమైన తనిఖీ ఇంకోటి లేదు. అది ఏటా బడికొచ్చే బండి చేయాల్సిన పని. పరీక్షలు దండగ అనే మేధావులకు ఇది తట్టకపోవడం సరే, ఆ సున్నాను గొప్పగా చెప్పుకున్న ప్రభుత్వాలకు తట్టకపోవడమే నన్ను బాధిస్తోంది.

పాలమూరు వైపు ఇబ్బంది ఇంకో రకం. నారాయణపేట, కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు పంటలు అయిపోగానే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు కదులుతాయి. ముసలివాళ్లు ఊళ్లో ఉంటారు, చిన్న పిల్లలు తల్లి వెంట పోతారు. బండి జనవరిలో అంగన్‌వాడీకి వస్తే దానికి దొరికేది ఊళ్లో మిగిలిన పిల్లలే. అందరికంటే ముందు చూడాల్సిన పిల్లలు ఆ రోజు ఏదో అపార్ట్‌మెంటు పునాదుల దగ్గర ఇసుక కుప్ప మీద ఆడుకుంటుంటారు. వలసలెక్కువ ఉన్న మండలాల్లో పరీక్షలు జూన్, జులైల్లో, అందరూ ఊళ్లో ఉన్నప్పుడు ముగించాలి. కార్డు బిడ్డ వెంట పోవాలి. ఇందుకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు, తేదీలు మారిస్తే చాలు.

మరో విడ్డూరం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పసిపిల్లల గుండె ఆపరేషన్లకు పైసా ఖర్చు లేకుండా చేసిన పథకం అది. ఇప్పుడు దాని పరిమితి పది లక్షలు. గుండెలో రంధ్రం ఉందని తెలిశాక ఆపరేషన్‌కు పది లక్షలు ఇస్తాం. ఆ రంధ్రం ఉందని తెలుసుకోవడానికి మూడు నిమిషాలు, అదీ గోల మధ్యలో. నెలనెలా జీతం వస్తుందో రాదో తెలియని కాంట్రాక్టు డాక్టర్ మీద ఆ భారమంతా వేసి, పైగా రోజుకింతమంది అని టార్గెట్ పెడుతున్నాం.

మండల కేంద్రాల్లో అప్పో సప్పో చేసి ప్రైవేటు బడికి పంపే కూలి కుటుంబాల పిల్లలు ఈ పథకం కిందికే రారు. ఫీజు కట్టగలిగినంత మాత్రాన ఆ తల్లిదండ్రులు పిల్లల డాక్టర్ దగ్గరికి ఏటా తీసుకుపోగలరని అనుకోవడం భ్రమ.

ఆపేయమనేవారి వాదనలో ఒక్క ముక్క నేను ఒప్పుకుంటాను. వైద్యం అందించే ఏర్పాటు లేనప్పుడు జబ్బు వెతకడం తగదని 1968లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణ చెప్పింది. సబబైన మాట. దాని నుంచి రావాల్సిన తీర్పు ఏర్పాటు చేయమని, వెతకడం మానమని కాదు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో, సూర్యాపేటలో, నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. 2016కు ముందు వీటిలో ఒక్కటీ లేదు. పిల్లల వైద్య విభాగం నుంచి వారానికో రోజు ఒక డాక్టర్‌ను, ఒక హిమోగ్లోబిన్ మీటర్‌ను ఏరియా దవాఖానకు పంపి, చీటీలు పట్టుకున్న పిల్లల్ని ఆశ కార్యకర్తతో, సర్కారు బండిలో అక్కడికి తెప్పించడం ఈ కాలేజీలకు చేతకాదంటే నేను నమ్మను. చేయమని అడిగిన వాళ్లు లేరు, అంతే.

ఇకనైనా జిల్లా సమీక్షల్లో ఎంతమందిని చూశారని అడగడం మానాలి. మూడు అంకెలు అడగాలి: ఎంతమందికి చీటీ రాశారు, వాళ్లలో ఎంతమంది దవాఖాన దాకా చేరారు, ఎంతమందికి వైద్యం పూర్తయింది. మండలాల వారీగా, ప్రతి మూడు నెలలకూ, పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. ఈ మూడు అంకెలు చెప్పలేని కలెక్టర్, జిల్లా వైద్యాధికారి తమ నివేదికలో ‘లక్ష్యం వంద శాతం పూర్తి’ అని రాయడానికి వీల్లేదు. ఆ వంద శాతం రాసుకుంటూ వచ్చిన ఏళ్లలోనే అరవై డెబ్బై అయింది. ఆ పెరుగుదలకు ఎవరు జవాబుదారీయో శాసనసభ్యులు అడిగినట్టు గానీ మంత్రులు చెప్పినట్టు గానీ నేను వినలేదు. వచ్చే సమావేశాల్లో నల్గొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల సభ్యుల్లో ఒక్కరైనా లేచి అడగాలి.