కరెంటు తీగలో నెట్ వద్దు, కరెంటు స్తంభం మీద కావాలి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. "మన గూడేలకి కరెంటు తీగ ఎలాగూ వచ్చింది, అదే తీగలో ఇంటర్నెట్ కూడా పంపేస్తే సరిపోతుంది కదా, ఈ టవర్లు, తవ్వకాలు ఎందుకు?" అని. వినడానికి బాగుంది. మీటింగులో ఎవరైనా చెప్తే చప్పట్లు కూడా కొడతాం. నేను మాత్రం ఒప్పుకోను.

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో చేసి చూశారు. వాషింగ్టన్‌కి దగ్గర్లో మనాస్సాస్ అనే ఊరు 2005లో ఊరంతటికీ కరెంటు తీగల ద్వారా నెట్ ఇచ్చింది, 2010లో ఆపేసింది. అలబామా పల్లెల్లో ఇదే పని చేసిన ఒక కంపెనీ 2012లో మూతపడింది.

కారణం తీగలోనే ఉంది. టీవీ కేబుల్‌కి లోపల లోహపు తొడుగు ఉంటుంది కాబట్టి సిగ్నల్ బయటికి పోదు. కరెంటు తీగకి అది లేదు. నెట్ కోసం అందులోకి 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పంపితే తీగ మొత్తం ఏరియల్ లాగా మారి, దాన్ని చుట్టూ చిమ్ముతుంది. షార్ట్‌వేవ్ రేడియో, హామ్ రేడియో పనిచేసేది అక్కడే. అందుకే అక్కడి హామ్ రేడియో సంఘం కోర్టుకెళ్ళింది. ప్రభుత్వ సంస్థ తన సొంత అధ్యయనాల్లో కొన్ని భాగాలు దాచి రూల్స్ చేయడం తప్పని 2008లో కోర్టు చెప్పింది. "రేడియో పోతే మనకేంటి?" అనకండి. 1999 ఒడిశా తుఫానులో ఫోన్లన్నీ తెగిపోతే కబుర్లు మోసింది హామ్ రేడియోలే.

రెండో వైపు కూడా చూడండి. కొమ్మ తగిలినా, పింగాణీ పగిలి నిప్పురవ్వలు వచ్చినా ఆ గోలంతా సిగ్నల్లోకి వచ్చేస్తుంది. లైను కింద రేడియో పెడితే జుయ్‌మని మోత వస్తుంది కదా, అదే ఇది. పైగా ఈ సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ దాటి సరిగ్గా పోదు, దూరం వెళ్ళేకొద్దీ నీరసిస్తుంది. మన దగ్గర ఇరవై ఇళ్ళకి ఒక ట్రాన్స్‌ఫార్మర్, మధ్యలో కొండ, గెడ్డ. ప్రతిచోటా ఒక పెట్టె బిగించాలంటే ఖర్చు ఎవరు పెడతారు? మీటర్ రీడింగ్ లాంటి చిన్న సమాచారానికి ఈ పద్ధతి చాలు, ఆన్‌లైన్ క్లాసుకి చాలదు.

మరి దారి ఏంటి? తీగని వదిలేసి స్తంభాన్ని పట్టుకోవాలి. ఫైబర్‌లో నడిచేది కాంతి. కరెంటు దాన్ని చెడగొట్టదు, అది రేడియోని చెడగొట్టదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ చేసింది ఇదే. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేత ప్రారంభం చేయించారు. నెలకి 149 రూపాయల ప్లాన్ కూడా పెట్టారు. స్తంభం ఉన్న గూడేనికి ఫైబర్ చేరదు అనడానికి సాంకేతిక కారణం లేదు. స్తంభం కూడా లేని గూడేనికి కొండ మీద నుంచి వైర్‌లెస్ లింకు వేయొచ్చు. హిమాచల్‌లో ధర్మశాల కొండల్లో ఎయిర్‌జల్ది వాళ్ళు ఏళ్ళ తరబడి అలాగే నడుపుతున్నారు.

అడ్డం ఎక్కడుందంటే లెక్కలో ఉంది. భారత్‌నెట్ మొదలైందే పంచాయతీ దాకా అని. 2022లో కేంద్రం 26,316 కోట్లతో 24,680 ఊళ్ళకి 4జీ అంది, మంచిదే. కానీ కాగితం మీద ఊరు ఒకటే, నేల మీద దానికి ఐదారు గూడేలు. పంచాయతీ ఆఫీసు దగ్గర రెండు గీతలు కనిపిస్తే ఊరంతటికీ సిగ్నల్ ఉన్నట్టే రాసేస్తారు. కొండకి అవతల ఉన్నవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.

దీని బరువు మోసేది మనమే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటి. వెబ్ ఆప్షన్లు అంటే ఏంటో చెప్పేవాళ్ళు లేరు, ఓటీపీ కోసం కొండెక్కాలి. స్కాలర్‌షిప్పుకి అమ్మ వేలిముద్ర పడాలంటే అమ్మ కూలి మానుకుని నెట్ ఉన్న చోటికి నడిచి రావాలి. వాన పడితే ఆ రోజు కూలీ పోతుంది, పనీ కాదు. సీటు పోయేది తెలివి లేక కాదు, సిగ్నల్ లేక.

అందుకే మూడు అడుగుదాం. ఒకటి, లెక్క ఊరి వారీగా కాదు, గూడెం వారీగా తీయాలి. రెండు, కరెంటు స్తంభం ఉన్న ప్రతి గూడేనికి దాని మీదుగానే ఫైబర్ లాగాలి, బడికి, అంగన్‌వాడీకి మొదటి కనెక్షన్ ఇవ్వాలి. మూడు, చెట్టు పడి ఫైబర్ తెగితే పట్నం నుంచి మనిషి వచ్చేదాకా ఆగకుండా, ఐటీఐ చదివిన మన కుర్రాళ్ళకే అతికించే పని నేర్పి, జీతం ఇచ్చి పెట్టుకోవాలి. ఈ మూడో దాన్ని వదిలేస్తే మొదటి రెండూ మొదటి తుఫానుకే పోతాయి.

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించండి. పెసా చట్టం 1996 నుంచి ఉంది, సభలో మాట్లాడే హక్కు మనది. ఈలోగా మీ గూడెం పేరు, సిగ్నల్ దొరికే చోటు, అక్కడికి ఎంతసేపు నడవాలో కింద రాయండి. జాబితా మనమే తయారు చేద్దాం.