ఎకనమిక్స్ మన కళ్లం చదువే

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఊళ్లలో ఒకటే ప్రశ్న: "ఎంపీసీనా, బైపీసీనా?" విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, ఏ మండలంలో చూసినా ఇంతే. పిల్లో పిల్లోడో "నేను సీఈసీలో చేరతా" అన్నారంటే ఇంట్లో పెద్దవాళ్ల మొహం మాడిపోతుంది. "మార్కులు తగ్గాయా?" అని చుట్టాలు పరామర్శకొచ్చినట్టు అడుగుతారు. ఎకనమిక్స్, కామర్స్, సివిక్స్ అంటే వేరే సీటు దొరకనోళ్ల చదువని మనకొక లెక్క. మేమూ ఆ మాట అన్నవాళ్లమే. దాన్ని వెనక్కి తీసుకుంటూ ఇది రాస్తున్నాం.

2025 మార్చిలో జరిగిన సంగతి. మా ఊరి కళ్లంలో వడ్లు రాశి పోసి ఉన్నాయి. దళారి వచ్చి పుట్టికి 18 వేలన్నాడు. గింజ నోట్లో వేసుకుని కొరికి, "పచ్చిగా ఉన్నాయి, 920 కేజీలు తూకం వేస్తే తీసుకుంటా" అన్నాడు. మన జిల్లాలో పుట్టంటే 850 కేజీలు. ఆకాశం మబ్బేసి ఉంది. కోతమిషన్ బాడుగ ఇవ్వాలి, కౌలు కట్టాలి. రైతు సరేననబోయాడు. సంఘం వాళ్లం ముగ్గురం పక్కనే ఉన్నాం. తక్కువని తెలుసు. ఎంత తక్కువో వెంటనే నోటికి రాలేదు.

ఆ రైతు కూతురు ఇంటర్ సీఈసీ చదువుతోంది. సెల్‌ఫోన్‌లో లెక్క వేసి మాకు చూపించింది. "పెదనాయనా, 850కి 18 వేలంటే క్వింటా 2,118 రూపాయలు. 920కి అదే 18 వేలంటే క్వింటా 1,957 రూపాయలే. మద్దతు ధర 2,300. ఆ లెక్కన 920 కేజీలకు 21,160 రావాలి. పుట్టికి 3,160 పోతోంది" అంది. ఎకరాకు మూడు పుట్లు ఆ తూకాన కొలిస్తే 9,480 రూపాయలు! తర్వాత ఇంకో మాట అడిగింది: "కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాకా ఒప్పుకుంటారు కదా. వీటిలో ఎంతుందో మిషన్‌తో చూశారా?" ఎవరూ చూడలేదు. మిషన్ తెప్పిస్తామని మేము పట్టుబడితే తూకం 870కి దిగింది. ధర మాత్రం కదల్లేదు. పెద్ద గెలుపేమీ కాదు. కానీ ఎన్నో ఏళ్లుగా కళ్లంలో నోరు చేసుకుంటున్న మాకు, లెక్క చెప్పి అడిగితే అవతలివాడు ఎట్లా తగ్గుతాడో ఆ రోజు తెలిసింది.

తర్వాత ఆ పిల్ల పుస్తకం తెప్పించుకుని చూశాం. పదో తరగతితో చదువు ఆపినవాళ్లం, అన్నీ అర్థం కాలేదు. అర్థమైనంత వరకు మాత్రం మన బతుకే అందులో ఉంది.

సంపూర్ణ పోటీ అని ఒక పాఠం. అమ్మేవాళ్లు లెక్కలేనంతమంది ఉండాలి, కొనేవాళ్లూ లెక్కలేనంతమంది ఉండాలి, ధర సంగతి అందరికీ తెలిసి ఉండాలి. అప్పుడే అది సంపూర్ణ పోటీ. మన కళ్లాన్ని ఆ పాఠం పక్కన పెట్టి చూడండి. అమ్మేవాళ్లం వేలమంది. కొనేది నలుగురైదుగురు. ధర తెలిసేది వాళ్లకే. పైగా మనకు దాచుకునే గోడౌను లేదు, ఆగే ఓపిక లేదు. ఇది పోటీయే కాదని ఆ పుస్తకమే చెబుతోంది.

డిమాండ్ వ్యాకోచత్వం అని ఇంకో పాఠం. పేరు నోరు తిరగదు గానీ సంగతి మనకు తెలిసిందే. బియ్యం చవకయ్యాయని ఎవరూ రోజుకు నాలుగు పూటలు తినరు. అందుకే పంట కొంచెం ఎక్కువ పండితే ధర అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. బాగా పండిన ఏడే రైతు ఎందుకు నష్టపోతాడో, దిగుబడి పెంచుకోమని చెప్పి సర్కారు ఎందుకు చేతులు దులుపుకోకూడదో ఈ ఒక్క పాఠం తేల్చి చెబుతుంది.

అన్నిటికంటే మమ్మల్ని ఆపేసిన మాట అవకాశ వ్యయం. సొంత పొలం కౌలుకిస్తే వచ్చే డబ్బు, సొంత సొమ్ము వడ్డీకి తిప్పితే వచ్చే ఆదాయం వదులుకుని సాగు చేస్తే అదీ ఖర్చే. పరీక్షలో పిల్లలు ఇది రాస్తే మార్కులు వేస్తారు. మరి మద్దతు ధర దగ్గర? కేంద్రం లెక్కలోకి తీసుకునేది చేతినుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది కష్టం. దాన్ని ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ అంటారు. దాని మీద సగం కలిపి ధర ఇస్తున్నామంటోంది. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కూడా కలిస్తే అది సీ2. స్వామినాథన్ కమిషన్ నివేదికను పట్టుకుని రైతు సంఘాలు అడుగుతున్నది సీ2 మీద యాభై శాతం. పిల్లలకు పాఠంలో ఖర్చని నేర్పేదాన్ని రైతు ధర దగ్గర ఖర్చు కాదంటే ఎట్లా? ఈ ప్రశ్న ధర్నాలో మనం అడుగుతూనే ఉన్నాం. పుస్తకం చేతబట్టుకుని మన పిల్లలు అడిగితే దాని బరువు వేరు.

చెరువుల మీద బతికేవాళ్లకూ ఇదే మాట. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్య మన గుంటలో పెరిగినా దాని కౌంటు ధర ఎక్కడో సముద్రం అవతల తేలుతోంది. మేత, సీడ్ అప్పు మాత్రం మన పేరునే ఉంటుంది. ఎగుమతులు, సుంకాలు, డాలరు సంగతి తెలియకుండా ఇక రొయ్యల సాగు చేయలేం.

ఎంపీసీ, బైపీసీ వద్దని మేము అనడం లేదు. ఇంజినీర్లు, డాక్టర్లు మనకూ కావాలి. కానీ ఇష్టం లేని పిల్లల్ని అందులోకి నెట్టి, ఫీజుల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లను చూస్తున్నాం. నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. సకాలంలో కట్టే రైతుకు మూడు లక్షల లోపు పంట రుణం 4 శాతానికే పడుతుంది. కాగితం లేని కౌలు రైతుకు అది అందదు. ఈ తేడా ఎవరివల్ల వచ్చిందో అడగగలిగే చదువును మనమే చిన్నచూపు చూస్తున్నాం.

అయితే కాలేజీల్లోనూ ఒక లోటుంది. నిర్వచనాలు బట్టీ పట్టించి ఊరుకుంటే ఈ చదువూ పనికిరాదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ స్లేటర్ అని అర్థశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయన 1916లో విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చి, సెలవుల్లో సొంత ఊరి లెక్కలు రాసుకు రమ్మన్నాడు. భూమి ఎవరిది, అప్పు ఎంత, కూలి ఎంత అని వాళ్లు రాసుకొచ్చిన సంగతులు 1918లో పుస్తకమయ్యాయి. మన విడవలూరు మండలం అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు కూడా 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో గ్రామ సర్వే చేయించారు. ఊరి లెక్క తెలియకుండా ఊరి సమస్య తెలియదని వాళ్లిద్దరూ నమ్మారు.

అందుకే మూడు మాటలు. మొదటిది తల్లిదండ్రులకు: పిల్లలు సీఈసీ, హెచ్ఈసీ, ఎంఈసీ అడిగితే కాదనొద్దు. సాగు ఖర్చుల పుస్తకం వాళ్ల చేతికివ్వండి. విత్తనం నుంచి కాటా దాకా ప్రతి రూపాయీ రాయనివ్వండి. రెండోది లెక్చరర్లకు: సెలవుల్లో ఒక్కో విద్యార్థితో సొంత ఊరిలో పది కుటుంబాల లెక్క రాయించండి. కౌలు రైతులనూ, కూలీలనూ వదలొద్దు. మూడోది మన సంఘానికి: ఆ లెక్కలు తెప్పించుకుని గ్రామ కమిటీల్లో చదివిద్దాం. కలెక్టరాఫీసుకు వెళ్లేటప్పుడు అర్జీతో పాటు వాటినీ తీసుకెళ్దాం.

మళ్లీ కోతలు వస్తాయి, దళారీ వస్తాడు. ఈసారి గింజ కొరికేలోపే లెక్క మన చేతిలో ఉండాలి.