సరిహద్దులో సొమ్ము పట్టుకున్నారు, తిరిగి ఇచ్చే బాధ్యత ఎవరిది?

కళ్యాణదుర్గం నుండి కంబదూరు మీదుగా దక్షిణానికి పోతే పావగడ, రాయదుర్గం మీదుగా పడమరకు పోతే బళ్లారి, చళ్లకెర. వానలు మొహం చాటేసిన ఈ మెట్టప్రాంతంలో ముస్లిం కుటుంబాలలో అనేకం చిన్న వర్తకం మీదనే బతుకుతున్నవి. జీన్స్ కుట్టేవాడు గుడ్డ కోసం బళ్లారికి పోతాడు. జీవాల వ్యాపారి పొట్టేళ్ల కోసం సంత సంతా తిరుగుతాడు. ఈ లావాదేవీలన్నీ రొక్కం మీద నడిచేవే. సంతలో గొర్రెను అమ్మే రైతు చెక్కు పుచ్చుకోడు.

ఎన్నికల ప్రకటన వెలువడిన నాటి నుండి ఈ దారులపై తనిఖీ కేంద్రాలు వెలుస్తాయి. 2024 సంగతి జ్ఞాపకం చేసుకోండి. మార్చి 16న ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చేనాటికి రమజాన్ మొదలై నాలుగు రోజులైంది. ఈద్ ఏప్రిల్ 11న. తుమకూరు, చిత్రదుర్గలలో ఏప్రిల్ 26న, బళ్లారిలో మే 7న, మన వైపు మే 13న పోలింగ్. లెక్కింపు జూన్ 4న, బక్రీద్ జూన్ 17న. అంటే పండుగ బట్టల బేరం, జకాత్ పంపిణీ, ఖుర్బానీ జీవాల కొనుగోలు చాలావరకు నియమావళి నీడలోనే జరిగినవి. సరిహద్దుకు అటొక తనిఖీ, ఇటొక తనిఖీ.

ఎన్నికలలో డబ్బు పారడం లేదని నేననను. ఓటుకు ఇంత అని పంచేవాడిని పట్టుకోవలసిందే. అయితే 50,000 రూపాయలు మించి చేతిలో ఉంటే నేరమన్నట్లు ఊరూరా ప్రచారమైన మాట ఎక్కడిది? ఎన్నికల సంఘం ప్రామాణిక కార్యవిధానాన్ని చదివి చూడండి. అభ్యర్థి గాని, అతని ఏజెంటు గాని, పార్టీ కార్యకర్త గాని ప్రయాణిస్తున్న వాహనంలో, లేదా ప్రచార సామగ్రిని మోసుకుపోతున్న వాహనంలో 50,000కు మించిన నగదు దొరికితే స్వాధీనం చేసుకోవాలన్నది అందులోని మాట. 10 లక్షలకు మించిన నగదు దొరికినా, నేరానుమానం గాని, అభ్యర్థితో పార్టీతో సంబంధం గాని లేకపోతే, తనిఖీ బృందం దానిని స్వాధీనం చేసుకోరాదనీ ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలనీ కూడా అందులోనే ఉన్నది. పార్టీల కోసం గీసిన గీతను పొట్టేళ్ల వ్యాపారి మెడకు ఎవరు చుట్టారు?

మహిళా అధికారి లేనిదే స్త్రీల చేతిసంచీని తెరవరాదనీ, తనిఖీని మొత్తం వీడియో తీయాలనీ కూడా నిబంధనలున్నవి. వీటిని మన ఇళ్లలో ఎంతమంది విన్నారు?

ఇక పట్టుకున్న సొమ్ము గతి. 2015 మే 29న ఎన్నికల సంఘం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రతి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉండాలి. జిల్లా పరిషత్ సీఈఓ ఒకరు, జిల్లా ఖజానా అధికారి ఒకరు, ఎన్నికల వ్యయ పర్యవేక్షణ నోడల్ అధికారి మరొకరు. ఈ నోడల్ అధికారే కన్వీనర్. ప్రతి స్వాధీనాన్నీ ఈ కమిటీ తనంతట తానే పరిశీలించాలి. ఎవరూ కాళ్లు పట్టుకోనక్కరలేదు. ఎఫ్ఐఆర్ గాని ఫిర్యాదు గాని లేకపోయినా, ఏ అభ్యర్థితోనూ పార్టీతోనూ సంబంధం లేకపోయినా, కారణాలు పేర్కొంటూ ఉత్తర్వు ఇచ్చి సొమ్మును వెంటనే సొంతదారుకు విడుదల చేయాలి. మొత్తం 10 లక్షలు మించితే ముందుగా ఆదాయపు పన్ను నోడల్ అధికారికి తెలియజేయాలి. కేసు లేని సొమ్ము పోలింగ్ జరిగిన 7 రోజులకు మించి ఖజానాలో గాని మాల్‌ఖానాలో గాని మూలుగరాదు. 2024లో మన జిల్లాకు ఆ గడువు మే 20తో తీరింది.

అప్పీలు ఎలా చేసుకోవాలో స్వాధీన పత్రంలోనే రాయాలి, నోటితోనూ చెప్పాలి, కన్వీనర్ ఫోన్ నంబరును విరివిగా ప్రచారం చేయాలి. ఇవీ ఆ ఉత్తర్వులోని షరతులే. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి గనుక చెబుతున్నాను: ఇంత స్పష్టంగా రాసిన ఉత్తర్వులు అరుదు. ఇంత తక్కువగా గోడకెక్కినవీ అరుదే.

నాకు తెలిసిన ఒక కుట్టుపని యువకుడు గుడ్డ కోసం తీసుకుపోతున్న 1,80,000 రూపాయలు పోగొట్టుకున్నంత పని అయింది. అందులో సగం అన్న దగ్గర చేబదులు. సొమ్ము తీసుకున్నవారు ఇచ్చిన కాగితంలో అప్పీలు ఊసే లేదు. అతడు ఒక నాయకుని ఇంటికి, అక్కడి నుండి మరొక నాయకుని ఇంటికి తిరిగాడు. ఒక మధ్యవర్తి తన వాటా ముందే అడిగాడు. జిల్లా పరిషత్ కార్యాలయం గడప తొక్కమని అతనికి ఒక్కరూ చెప్పలేదు. అధికారుల అలసత్వం సరే, మన పెద్దల సంగతేమిటి? సిఫారసు ఉత్తరం రాయడంలో ఉన్న హుషారు ఒక దరఖాస్తు రాయడంలో ఎందుకు లేదు? హక్కుగా రావలసిన దానిని ఉపకారంగా ఇప్పించి, ఆ ఉపకారానికి ఓట్లు అడిగే రాజకీయం మనకు అలవాటైపోయింది.

గల్ఫ్ నుండి వచ్చేవారి పరిస్థితీ ఇంతకంటె మెరుగు కాదు. విదేశీ నగదు తేవడం నేరం కాదు. నోట్ల విలువ 5,000 అమెరికా డాలర్లు మించితే విమానాశ్రయంలో ప్రకటించాలి, అంతే. 1962 కస్టమ్స్ చట్టం 110వ సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసుకున్న ఆరు నెలలలోగా నోటీసు ఇవ్వకపోతే సరుకును తిరిగి ఇవ్వాలి. కారణాలు రాసి మరొక ఆరు నెలలు పొడిగించే వీలు మాత్రం ఉన్నది. నోటీసు అక్కరలేదని ముందే అచ్చువేసిన కాగితంపై ప్రయాణికుల చేత సంతకం పెట్టించుకోవడం చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2025లో చెప్పింది. కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చే మన ఆడబిడ్డలు చదవలేని ఇంగ్లీషు కాగితంపై సంతకం చేయకుండా ఉండేందుకు ఈ ఒక్క విషయమైనా వారికి చేరవేయండి.

రుజువులు ఎక్కడివి అని అడుగుతారు. బ్యాంకులో తీసిన చీటీ, బిల్లు పుస్తకం, సంత రశీదు, శుభలేఖ, ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా, ఏదైనా పనికివస్తుంది. జకాత్, ఫిత్రా సొమ్ము మోసేవారి చేతికి మస్జిద్ కమిటీ లెటర్‌హెడ్‌పై మొత్తం, తేదీ, ఎక్కడికి పోతున్నదీ రాసి ఇవ్వాలి. అమానత్‌ను మోసేవాడిని వట్టి చేతులతో దారిన వదలడం ముతవల్లీలకు తగదు.

గడ్డం, బురఖా చూసి బండి ఆపుతారన్న మాట మన వీధులలో తరచుగా వినిపిస్తుంది. దీనిని అరుగు మీది చర్చగా వదిలిపెట్టరాదు. పట్టుకున్న ప్రతి మొత్తాన్నీ, విడుదల చేసిన తేదీనీ నోడల్ అధికారి వరుస క్రమంలో రిజిస్టరులో నమోదు చేయాలని అదే ఉత్తర్వు చెబుతున్నది. 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఎన్నికల అధికారి కార్యాలయానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 2024లో ఎన్ని స్వాధీనాలు జరిగినవి, ఎన్నింటిలో పార్టీ సంబంధం తేలింది, ఎన్ని రోజులకు విడుదలైనవి, మే 20 తర్వాత ఎంత సొమ్ము మిగిలి ఉన్నది, కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది అని అడగండి. ఆ రిజిస్టరు నకలు కూడా కోరండి. 30 రోజులలో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. తెలుగులో రాసిన నమూనా దరఖాస్తు నా వద్ద ఉన్నది. శుక్రవారం జుమా నమాజు తర్వాత ఎవరు వచ్చి అడిగినా కూర్చుని నింపి ఇస్తాను.